మల్టీకోర్ నుంచి క్యాట్ కేబుల్‌కు: మా సౌండ్ సర్వీస్ ప్రాజెక్టు డైరీ

ఆషాఢం, గోదాంలో

ఆషాఢంలో లగ్గాలు ఉండవు. బోనాలకు పాటల డెక్కులు పోతాయి గానీ లైవ్ మిక్సింగ్ పని పెద్దగా ఉండదు. అందుకే నల్లగొండ గోదాంలో ఈ పనికి ఇప్పుడే చేయి పెట్టాం. కార్తీకంలో కురుమూర్తి వైపు, మాఘంలో చెర్వుగట్టు, మన్యంకొండ వైపు జాతర్లు మొదలయ్యేసరికి కొత్త లైన్ మీద మా దగ్గర పనిచేసే పిల్లలందరికీ చేయి తిరిగి ఉండాలి.

ఏం మారుస్తున్నామో ముందు చెప్తాను. మా దగ్గర బెరింగర్ ఎక్స్32 మిక్సర్ ఉంది. మిక్సర్ డిజిటల్‌దే. స్టేజీ నుంచి మిక్సర్ దాకా వచ్చే లైన్ మాత్రం ఇప్పటికీ అనలాగ్ మల్టీకోర్. దాని బదులు కంప్యూటర్ నెట్‌వర్కుకు వాడేలాంటి సన్నటి క్యాట్ కేబుల్ పెట్టి, ఆడియోను డిజిటల్‌గా పంపాలని మా ప్రయత్నం. 24 మైకు లైన్లు, మిక్సర్ నుంచి స్పీకర్లకు తిరిగి పోయే 8 రిటర్న్ లైన్లు ఒకే లావుపాటి కేబుల్లో వస్తాయి. స్టేజీ చివర ఇనుప డబ్బా, మిక్సర్ చివర జడపాయల్లా విడిపోయే ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు) పిన్నులు. డీసీఎంలోంచి దించాలంటే నలుగురు పట్టాలి. వాన పడ్డ చెలకలో దాన్ని చుట్టి ఎక్కించడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

బరువు ఒక్కటే అయితే ఇంకొన్నేళ్లు మోసేవాళ్లం. అసలు బాధ హమ్మింగ్. ఊళ్లో స్టేజీ అంటే సీరియల్ సెట్లు, ఎల్‌ఈడీ వాల్, పార్ లైట్లు, వాటి డిమ్మర్లు. ఆ కరెంటు వైర్లకు, మా మల్టీకోర్‌కు వెళ్లే దారి ఒకటే. మైకు సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటుంది. అది పెద్దది కాకముందే అంత దూరం ఆ కరెంటు వైర్ల పక్కన నడుస్తుంది. డప్పు దరువు నడుస్తున్నప్పుడు ఆ శబ్దం ఎవరికీ తెలియదు. ఒగ్గుకథలో కథకుడు గొంతు తగ్గించి దుఃఖఘట్టం చెప్తున్నప్పుడు కింద సన్నగా గుర్రుమంటూ వినబడుతుంది. ముందు వరుసలో చాపల మీద కూర్చున్న పెద్దోళ్లకు ఆ మాట తేటగా చేరాలి. ఈ ప్రాజెక్టు పెట్టుకున్నది అందుకే.

మనకు నిజంగా ఎన్ని లైన్లు కావాలి

నెట్‌వర్క్ ఏది కొనాలో తేల్చుకునే ముందు మా పని ఎలా ఉంటుందో కాగితం మీద రాసుకున్నాం. ఒగ్గుకథ బృందానికి కథకుడు, వంతపాడేవాళ్లు, డోళ్లు, తాళాలు కలిపి 10 మైకులు దాటవు. భజన, కోలాటానికి ఇంకా తక్కువే. ఆర్కెస్ట్రా అయితే డ్రమ్ కిట్, ప్యాడ్, రెండు కీబోర్డులు స్టీరియోలో, గిటార్లు, తబలా, ఢోలక్, నలుగురు సింగర్లు, యాంకర్, అంతా కలిపి 28 దాకా పోతుంది. రిటర్న్‌లు మెయిన్ రెండు, బేస్ ఒకటి, పాడేవాళ్లు తమ గొంతు వినే స్టేజీ మానిటర్లు నాలుగు.

ఈ లెక్కలో తేలిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. మా పనుల్లో చాలావాటికి కొసలు రెండే: స్టేజీ, మిక్సర్. మూడో కొస వచ్చేది పెద్ద మైదానాల్లోనే. జనం వెనక్కి వెళ్లేకొద్దీ మధ్యలో ఇంకో జత స్పీకర్ టవర్లు పెడతాం, లేదంటే వీడియోవాళ్లు రికార్డింగుకు లైన్ అడుగుతారు. రెండు కొసలకు కావాల్సింది ఒక రకం, మూడు నాలుగు కొసలకు కావాల్సింది ఇంకో రకం. ఆ తర్వాత ఏ డబ్బా చూసినా ఈ తేడా దగ్గరికే తిరిగి వచ్చాం.

ఉన్న దారులు

ఆడియోను డిజిటల్‌గా పంపే పద్ధతులు చాలా ఉన్నాయి. వాటిలో మ్యాడీని త్వరగానే పక్కన పెట్టాం. ఏఈఎస్ అనే ఆడియో ఇంజనీర్ల సంఘం తెచ్చిన 1991 నాటి ఏఈఎస్10 ప్రమాణం అది. ఒక్క 75 ఓంల కో-యాక్సియల్ కేబుల్లో గానీ ఫైబర్లో గానీ 64 చానెళ్లు పోతాయి. గట్టి పద్ధతి, బ్రాడ్‌కాస్ట్ వ్యాన్లలో ఇప్పటికీ కనబడుతుంది. కానీ ఆ చానెళ్లను స్టేజీ మీద విప్పే డబ్బాలు మా స్థాయి సర్వీసుకు అందుబాటులో లేవు.

ఏవీబీ సాంకేతికంగా చాలా అందమైన పద్ధతి. ఐ ట్రిపుల్ ఈ అనే ఇంజనీర్ల సంస్థవాళ్లు ఈథర్నెట్‌లోనే (కంప్యూటర్లను తీగతో కలిపే నెట్‌వర్క్) ఆడియోకు కొంత దారి ముందే రిజర్వ్ చేసి ఉంచేలా ప్రమాణాలు రాశారు. దాని మీద ఆవ్‌నూ అలయన్స్ అనే కంపెనీల కూటమి 2018లో మిలాన్ అనే ప్రమాణం తెచ్చింది. ఎల్-అకూస్టిక్స్, డి అండ్ బి, మేయర్ లాంటి పెద్ద కంపెనీలు అటు ఉన్నాయి. ప్రీసోనస్ స్టూడియోలైవ్ మిక్సర్లలోనూ ఏవీబీ ఉంది. మాకు అడ్డం వచ్చింది నెట్‌వర్క్ స్విచ్, అంటే కేబుళ్లను ఒకచోట కలిపే డబ్బా. ఏవీబీకి ఆ ప్రమాణాన్ని పాటించే స్విచ్చే కావాలి. రాత్రి 11కి దేవరకొండ దాటిన ఊళ్లో స్విచ్ కాలిపోతే, తెల్లారి నల్లగొండ కంప్యూటర్ షాపులో కూడా దానికి బదులు దొరకదు. మా పనికి ఇది చిన్న విషయం కాదు.

అలెన్ అండ్ హీత్ వాళ్లకు డీస్నేక్, గిగాఏస్ లాంటి సొంత పద్ధతులు ఉన్నాయి. ఆ కంపెనీ మిక్సర్ ఉన్నవాళ్లకు ఎస్‌క్యూ మిక్సర్, దానికి తగ్గ స్టేజ్ బాక్స్ (స్టేజీ మీద మైకులు గుచ్చే డబ్బా) హాయిగా కుదురుతాయి. మా మిక్సర్ వేరే కాబట్టి అటు పోలేదు.

చివరికి మిగిలినవి రెండు: ఏఈఎస్50, డాంటే.

ఏఈఎస్50 మా ఎక్స్32 వెనకాలే ఎ, బి అని రెండు పోర్టులుగా ఉంది. సోనీ ఆక్స్‌ఫర్డ్ వాళ్ల సూపర్‌మ్యాక్ అనే పద్ధతి దీనికి మూలం, 2005లో ఏఈఎస్ ప్రమాణంగా వచ్చింది. ఒక్క క్యాట్5ఈ కేబుల్లో 48 కిలోహెర్ట్జ్ దగ్గర అటు 48, ఇటు 48 చానెళ్లు. లెక్క వేసుకుంటే అర్థమవుతుంది: సెకనుకు 48,000 శాంపిళ్లు (శబ్దపు కొలతలు), ఒక్కో శాంపిల్‌కు 24 బిట్లు, అంటే చానెల్‌కు సెకనుకు 11,52,000 బిట్లు. 48 చానెళ్లకు దాదాపు 55 మెగాబిట్లు. 100 మెగాబిట్ల తీగలో ఇది నిశ్చింతగా పడుతుంది. ఆ లింకు ఆలస్యం మూడు శాంపిళ్లు, అంటే 62.5 మైక్రోసెకన్లు. స్టేజ్ బాక్స్‌లోకి పోయిన శబ్దం మిక్సర్‌కు వచ్చి, మళ్లీ స్టేజ్ బాక్స్‌లోంచి బయటికి రావడానికి 1.1 మిల్లీసెకన్లు. మానిటర్ వినే సింగర్‌కు అది తెలియనే తెలియదు.

పరిమితి కూడా అంతే స్పష్టం. ఏఈఎస్50 ఈథర్నెట్ తీగను వాడుకుంటుంది గానీ అది ఈథర్నెట్ కాదు. మధ్యలో స్విచ్ పెట్టలేం. ఈ పోర్టులోంచి ఆ పోర్టులోకి నేరుగా పోవాలి, అంతే.

డాంటే దారి దీనికి పూర్తిగా వేరు. సిడ్నీకి చెందిన ఆడినేట్ కంపెనీ 2006లో తెచ్చింది. మామూలు గిగాబిట్ స్విచ్, మామూలు ఐపీ నెట్‌వర్క్ మీద నడుస్తుంది. ఒక గిగాబిట్ లింకులో ఒక్కో వైపు 512 చానెళ్ల దాకా. ఏ చానెల్ ఎక్కడికి పోవాలో ల్యాప్‌టాప్‌లో డాంటే కంట్రోలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గళ్లలో టిక్ పెడితే చాలు. యమహా సీఎల్, క్యూఎల్ మిక్సర్లలో అది లోపలే ఉంటుంది. మా ఎక్స్32కు అయితే కార్డు కొనాలి. 32 చానెళ్లు అటు, 32 ఇటు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎక్స్32లో కార్డు స్లాటు ఒక్కటే. డాంటే కార్డు పెడితే ఇప్పుడు అందులో ఉన్న రికార్డింగ్ కార్డు తీయాలి. కొనే ముందు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఎస్16 స్టేజ్ బాక్స్ ఒకటి ఆర్డరిచ్చాం. 16 మైకు ఇన్‌పుట్లు, 8 ఔట్‌పుట్లు. రెండోది కార్తీకం నాటికి. డాంటే కార్డు హైదరాబాద్‌లో తెలిసిన అన్న దగ్గర ఉంది, పరీక్షకు ఇస్తానన్నాడు.

కేబుల్: అసలు పని ఇక్కడే

ఈ మొత్తం ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్నది కేబుల్. అంత సమయం పెట్టాల్సిన పనే అది.

ఇంటర్నెట్ కనెక్షన్లకు వాడే మామూలు క్యాట్ కేబుల్ స్టేజీకి పనికిరాదు. ఒకటి, అందులో రాగి తీగ ఒంటి తీగ. గోడలో ఒకసారి దాస్తే ఏళ్ల తరబడి ఉంటుంది గానీ రోజూ చుట్టి విప్పితే లోపల తెగుతుంది. సన్నపోగుల తీగ ఉన్న కేబుల్ కావాలి. రెండు, దానికి షీల్డు, అంటే తీగల చుట్టూ లోహపు కవచం, ఉండదు. ఏఈఎస్50కి షీల్డు తప్పనిసరి. స్టాటిక్ కరెంటు చిన్న దెబ్బ కొట్టినా లింకు ఒక్క క్షణం ఊడి, లౌడ్‌స్పీకర్లలో టక్కుమని వినబడుతుంది. మన స్టేజీల మీద పరిచే ఎర్ర కార్పెట్లు, గ్రీన్ మ్యాట్లు సింథటిక్‌వి. చలికాలం పొడిగాలిలో వాటి మీద ప్లాస్టిక్ కుర్చీ లాగితే చాలు, చార్జ్ తయారవుతుంది.

దుకాణంలో కొన్న ఒక రీలు మీద షీల్డెడ్ అని, క్యాట్6 అని రాసి ఉంది. కొస కత్తిరించి ఒక తీగను బ్లేడుతో గీకితే పైన రాగిరంగు పోయి లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం మీద రాగి పూత. అది వంచితే విరుగుతుంది, దూరానికి రెసిస్టెన్స్ ఎక్కువ. ఆ రీలును వాపసు చేశాం. ఇప్పుడు ఏ రీలు తెచ్చినా మొదట బ్లేడు గీత, తర్వాతే డబ్బులు.

మంచి కేబుల్ దొరికాక పిన్ను కొట్టడం. ఇది నేను మా పిల్లలకు కూర్చోబెట్టి నేర్పించాను. బయటి తొడుగు కోసేటప్పుడు షీల్డు జాలీ తెగకూడదు. జాలీని వెనక్కి మడిచి తొడుగు మీద పరచాలి. రంగుల వరస: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. జంటల మెలిక పిన్ను దగ్గరి దాకా విప్పకుండా ఉంచాలి. లోహపు కవచం ఉన్న ఆర్‌జే45 (నెట్‌వర్క్) పిన్ను తోక ఆ మడిచిన జాలీని గట్టిగా పట్టుకోవాలి. దాని మీద న్యూట్రిక్ ఈథర్‌కాన్ తొడుగు. అది మైకు పిన్నులా టక్కుమని లాక్ అవుతుంది. ఎవరి కాలైనా తగిలితే మామూలు ఆర్‌జే45 ప్లాస్టిక్ నాలుక విరిగినట్టు ఇది విరగదు.

చివర మల్టీమీటర్‌తో ఈ కొస లోహపు తొడుగు నుంచి ఆ కొస లోహపు తొడుగు దాకా కంటిన్యుటీ చూడాలి. బీప్ రాకపోతే షీల్డు లేనట్టే లెక్క, తీగలన్నీ బాగున్నా సరే.

ఇంకో ముఖ్యమైన మాట. మార్కెట్లో దొరికే చిన్న టెస్టర్ బల్బులు వెలిగినా, ఆ కేబుల్‌తో కంప్యూటర్‌కు ఇంటర్నెట్ వచ్చినా అది ఏఈఎస్50కి సరిపోతుందని అనుకోవద్దు. 100 మెగాబిట్ల ఈథర్నెట్‌కు 1, 2, 3, 6 నంబరు తీగలు చాలు. ఏఈఎస్50 ఆ నాలుగింటిలో ఆడియో పంపి, మిగిలిన 4, 5, 7, 8 తీగల్లో క్లాక్ (పరికరాలన్నీ ఒకే కాలంలో నడిచేలా చూసే సిగ్నల్) పంపుతుంది. నీలం జంటో గోధుమ జంటో సరిగా పట్టకపోతే కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, మన లింకు మాత్రం నిలబడదు. ఎనిమిది తీగలూ, షీల్డూ చూడాల్సిందే.

పొడవు 100 మీటర్ల దాకా పోతుందని చెప్తారు. 80 దాటకుండా ఉండటం మేలని వాడేవాళ్లు అంటారు. మేం 75 మీటర్లకు ఆపాం. రెండు డ్రమ్ములు తయారుచేశాం. ఒకటి వాడుకకు, ఒకటి పక్కనే పరిచి ఉంచడానికి.

లింకు వెలిగింది

ఎస్16 వచ్చింది. మిక్సర్ ఎ పోర్టు నుంచి డబ్బా ఎ పోర్టుకు కేబుల్ పెట్టగానే పచ్చ లైటు పడింది. "అన్నా, పచ్చ లైట్ పడ్డది" అని మా చిన్నోడు గోదాం అవతలి కొస నుంచి అరిచాడు. ఆ సంబరం వాడిది ఒక్కడిది కాదు, అందరిదీ.

క్లాక్ సంగతి మొదట తేల్చాలి. డిజిటల్ ఆడియోలో ఒక్కరే కాలం చెప్పాలి, మిగతా అందరూ వినాలి. మిక్సర్‌లో సింక్‌ను దాని సొంత క్లాక్‌కు, 48 కిలోహెర్ట్జ్‌కు పెట్టాం. ఎస్16 దాన్నే అనుసరిస్తుంది. ఇద్దరు కాలం చెప్తే టిక్ టిక్‌మని చప్పుళ్లు వస్తాయి, కారణం వెతుక్కునే లోపు కార్యక్రమం అయిపోతుంది.

రూటింగ్ పేజీలో ఇన్‌పుట్లు ఎనిమిదేసి గుంపులుగా మారుతాయి. మొదటి 16 చానెళ్లు ఏఈఎస్50 ఎ నుంచి, మిగిలినవి మిక్సర్ వెనక లోకల్ నుంచి అని పెట్టుకున్నాం. రెండో డబ్బా వచ్చాక మొదటి దాని బి పోర్టు నుంచి దాని ఎ పోర్టుకు గొలుసు కడితే 17 నుంచి 32 దాకా వస్తాయి. అప్పుడు కూడా 25–32 గుంపును లోకల్‌గానే ఉంచుతాను. ల్యాప్‌టాప్ పాటలు, ఒక అత్యవసర మైకు మిక్సర్ దగ్గరే ఉండాలి.

గెయిన్ (మైకు సిగ్నల్‌ను ఎంత పెంచాలో), ఫాంటమ్ పవర్ (కొన్ని మైకులకు ఇచ్చే కరెంటు) రెండూ ఇప్పుడు మిక్సర్ నుంచే నడుస్తాయి, ఆ సిగ్నల్‌ను పెంచే ప్రీఆంప్ మాత్రం స్టేజీ మీద ఉంది. మైకు సిగ్నల్ రెండు మూడు మీటర్లు నడిచి అక్కడే అంకెలైపోతోంది. సీరియల్ సెట్ వైరును కావాలనే క్యాట్ కేబుల్ చుట్టూ చుట్టి, మైకు గెయిన్ పెంచి విన్నాం. గుర్రు లేదు. ఇన్నాళ్లుగా విని విని చెవికి అలవాటైపోయిన ఆ చప్పుడు లేకుండా మైకు వినడం చాలా సంతోషంగా అనిపించింది.

తర్వాత చెడగొట్టే పరీక్షలు. గ్రీన్ మ్యాట్ పరిచి కుర్చీలు లాగాం, కేబుల్‌ను తొక్కాం, వాకీటాకీ డబ్బా పక్కనే నొక్కాం. మేం కట్టిన డ్రమ్ము నిలబడింది. పోల్చి చూద్దామని షీల్డు లేని మామూలు ప్యాచ్ కార్డు పెట్టి కుర్చీ లాగితే పచ్చ లైటు మినుకుమని ఎర్రబడింది. ఆ ఎర్ర లైటును అందరూ చూడాలనే ఆ పరీక్ష చేయించాను.

తెగితే ఏం చేయాలి

ఏఈఎస్50 తెగితే ఒక్క మైకు పోదు, మొత్తం పోతుంది. మల్టీకోర్‌లో ఒక పిన్ను ఊడితే ఒక్క లైన్ పోయేది. ఇది కొత్త పద్ధతిలో ఉన్న పెద్ద భయం. దాన్ని దాచుకోకుండా మా పిల్లల ముందు పెట్టాను.

డాంటేలో ప్రైమరీ, సెకండరీ అని రెండు వేరువేరు నెట్‌వర్కులు పెట్టుకునే వీలున్న పరికరాలు ఉంటాయి. ఒకటి తెగితే వినేవాడికి తెలియకుండానే రెండోది అందుకుంటుంది. మా ఎస్16తో ఏఈఎస్50లో అలా దానంతటది జరగదు. మనిషే మార్చాలి.

మేం చేసిన ఏర్పాటు ఇది. రెండో క్యాట్ డ్రమ్ము ఎప్పుడూ మొదటిదాని పక్కనే పరుస్తాం. అది ఖాళీగా పడి ఉండదు. షీల్డు ఉన్న క్యాట్ కేబుల్లో నాలుగు జంటలు ఉన్నాయి కదా, అందులో నాలుగు బ్యాలెన్స్‌డ్ అనలాగ్ లైన్లు పంపొచ్చు. ఎక్స్‌ఎల్‌ఆర్ నుంచి ఆర్‌జే45కి మార్చే పెట్టెలు రెండు కట్టాం. వాటిలో మెయిన్ ఎడమ, కుడి, రెండు మైకులు. డిజిటల్ లైన్ పోతే మిక్సర్ లోకల్ ఔట్ నుంచి మెయిన్ స్పీకర్లు, ఆ రెండు మైకులు వెంటనే బతుకుతాయి. కథకుడి మాట ఆగదు. ఈలోగా స్టేజీ మీద ఉన్నవాడు డిజిటల్ కేబుల్ చూసుకుంటాడు.

ఇద్దరు పిల్లలతో ఇది లైటు ఆర్పి చీకట్లో చేయించాను. పనిలో ఇది వచ్చేది చీకట్లోనే.

జెనరేటర్, ఎర్త్

చిన్న కార్యక్రమాలు కొన్ని సాఫీగా అయ్యాయి, రాయడానికి పెద్దగా ఏమీ లేదు. రెండో డబ్బా వచ్చింది. ఒక ఊళ్లో మాత్రం కొత్త విషయం ఎదురైంది.

స్టేజీ జెనరేటర్ మీద ఉంది. మిక్సర్ పెట్టిన మంచె దగ్గర ఎవరో ఊరి కరెంటు లైన్ ఇచ్చారు. మల్టీకోర్ రోజుల్లో అయితే దీంతో హమ్మింగ్ మోత మోగేది. ఇప్పుడు ఆడియో అంకెల్లో ఉంది కాబట్టి హమ్ రాలేదు. కానీ క్యాట్ కేబుల్ షీల్డు ఇటు ఎర్త్‌ను, అటు ఎర్త్‌ను కలుపుతోంది. రెండు ఎర్తుల మధ్య తేడా ఉంటే ఆ కరెంటు మన షీల్డు గుండా పోతుంది. మీటరు పెట్టి చూస్తే రెండింటి మధ్య వోల్టేజీ కనబడింది. ఎలక్ట్రీషియన్ అన్నకు చెప్తే మిక్సర్‌కు కూడా జెనరేటర్ నుంచే లైన్ లాగి ఇచ్చాడు. ఇప్పటి నుంచి మా సామాన్ల జాబితాలో క్యాట్ డ్రమ్ము పక్కన అంతే పొడవున్న మూడు కోర్ల పవర్ కేబుల్ కూడా ఉంటుంది. కొందరు హమ్ తగ్గుతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొడతారు. ఆ పని మా దగ్గర ఎవరూ చేయొద్దు. మైకు పట్టుకునేది మనిషి.

డాంటే పరీక్ష

కార్డు వచ్చింది. పెద్ద మైదానం పని ఒకటి ఒప్పుకున్నాం. స్టేజీ నుంచి 60 మీటర్ల దూరంలో డిలే టవర్లు పెట్టాలి, అంటే స్టేజీ శబ్దం అక్కడికి చేరే సమయానికి సరిపోయేలా ఆలస్యంగా మోగే స్పీకర్లు. మూడో కొస వచ్చింది కాబట్టి డాంటేను అక్కడ చూద్దామనుకున్నాం.

ముందు గోదాంలో. స్విచ్ విషయంలో డాంటే ఏవీబీ అంత పట్టుబట్టదు గానీ ఏదైనా సరే అనదు. కరెంటు ఆదా చేసే ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్నెట్ అనే సౌకర్యం స్విచ్‌లో ఉంటే దాన్ని ఆపాలి. అట్ట మీద గ్రీన్ అని గొప్పగా రాసి ఉండేది ఇదే. పోర్టు కునుకు తీసి లేచే ఆ కొద్ది సమయమే క్లాక్‌ను చెడగొడుతుంది. సెట్టింగులు లేని చవక స్విచ్‌లో దాన్ని ఆపే దారి ఉండదు, కాబట్టి సెట్టింగులున్న మేనేజ్డ్ స్విచ్ కావాలి. అందులో క్యూఓఎస్ (ఏది ముందు పోవాలో చెప్పే సెట్టింగు) పెట్టి క్లాక్ ప్యాకెట్లకు అన్నింటికన్నా ముందు దారి, ఆ తర్వాత ఆడియోకు, మిగతావన్నీ వెనక. డాంటేలో వాటి గుర్తులు 56, 46. వైఫై మీద డాంటే ఆడియో నడవదు. రౌటర్ పెట్టింది ట్యాబ్‌లో మిక్సర్ నడపడానికే, దాన్ని డాంటే స్విచ్‌లో కలపకుండా విడిగా ఉంచాం.

ఐపీ అడ్రసుల గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఏమీ ఇవ్వకపోతే పరికరాలే 169.254తో మొదలయ్యే అడ్రసులు తీసుకుని ఒకదాన్నొకటి కనుక్కుంటాయి. ల్యాప్‌టాప్‌ను కూడా ఆటోమేటిక్‌లో వదిలేస్తే కంట్రోలర్‌లో అన్నీ కనబడతాయి.

టవర్ దగ్గర ఆంప్లిఫయర్‌కు అనలాగ్ కావాలి. అందుకు ఏవీఐఓ అని చిన్న అడాప్టర్ ఉంది, రెండు చానెళ్ల ఔట్. దానికి కరెంటు క్యాట్ కేబుల్లోనే పోవాలి, అంటే స్విచ్‌కు పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్లోనే కరెంటు ఇచ్చే సౌకర్యం) ఉండాలి. సామాను జాబితాలో ఇదొకటి పెరిగింది.

డాంటే ఆలస్యాన్ని మనమే ఎంచుకోవచ్చు: 0.25, 0.5, 1, 2, 5 మిల్లీసెకన్లు. మామూలుగా 1 ఉంటుంది. మా దగ్గర ఉన్నవి రెండే స్విచ్‌లు, 1 ధారాళంగా సరిపోతుంది. ఈ ఒక్క మిల్లీసెకను గురించి గొడవపడేవాళ్లను చూశాను. మైదానంలో లెక్క చూడండి. 20 డిగ్రీల చలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. 60 మీటర్లకు 175 మిల్లీసెకన్లు. 35 డిగ్రీల వేడిలో 352 మీటర్లు, అదే దూరానికి 170. మన పాలమూరు, నల్లగొండలో సాయంత్రం సౌండ్ చెక్ వేడిలో చేసి, రాత్రి చలిలో కార్యక్రమం నడిపితే టవర్ డిలే దానంతటదే నాలుగైదు మిల్లీసెకన్లు తప్పుతుంది. నెట్‌వర్క్ తెచ్చే ఒక మిల్లీసెకను మూరెడు దూరం కూడా కాదు. ఎక్స్32లో ఒక్కో ఔట్‌పుట్‌కు 500 మిల్లీసెకన్ల దాకా డిలే ఇవ్వొచ్చు. రాత్రి చల్లబడ్డాక ఒకసారి టవర్ దగ్గర నిలబడి చప్పట్లు విని దాన్ని సరిచేయడం ఆ స్విచ్ సెట్టింగులకన్నా ముఖ్యం.

మైదానంలో డాంటే బాగా నడిచింది. టవర్లకు స్పష్టంగా పోయింది, వీడియోవాళ్ల ల్యాప్‌టాప్‌లో డాంటే వర్చువల్ సౌండ్‌కార్డు అనే సాఫ్ట్‌వేర్ పెట్టి విడి చానెళ్లు ఇచ్చాం. వాళ్లు చాలా సంతోషపడ్డారు, ఒగ్గు డోలు, గొంతు విడివిడిగా దొరికాయి కదా.

నా నిర్ణయం

స్టేజీ నుంచి మిక్సర్‌కు ఏఈఎస్50 ఉంచుతున్నాం. డాంటే కార్డు కొనడం లేదు, టవర్లు కావాల్సిన పెద్ద పనులకు కిరాయికి తెస్తాం. డాంటే గొప్పదే. యమహా మిక్సర్, మూడు నాలుగు కొసలు, కాలేజీ ఆడిటోరియం లాంటి స్థిరమైన చోటు ఉంటే నేను కూడా దాన్నే చెప్తాను. మా పని వేరు. రాత్రిపూట లింకు పోతే మా చిన్నోడు చూడాల్సింది ఒక్క పచ్చ లైటు, ఒక్క కేబుల్, రెండు కొసలు. అదే డాంటే అయితే స్విచ్, పీఓఈ, క్లాక్ లీడర్ ఎవరు, కంట్రోలర్‌లో ఏ టిక్ పోయింది, ఇవన్నీ తెలిసిన మనిషి ప్రతి డీసీఎంలో ఉండాలి. ఆ మనిషి ఇవాళ మా దగ్గర ఒక్కడే, నేనే. పిల్లల్లో ఇంకో ఇద్దరు నేర్చుకున్న రోజు ఈ నిర్ణయం మళ్లీ చూస్తాను.

మాఘం ముందు మిగిలిన పనులు

రెండో ఎస్16కు సస్పెన్షన్ ఉన్న పెట్టె చేయించాలి. కార్పెంటర్ కొలతలు తీసుకున్నాడు. ఈథర్‌కాన్ మూతలు ఇంకా రాలేదు, అప్పటిదాకా పిన్నుల్లోకి దుమ్ము పోకుండా ఇన్సులేషన్ టేపు చుడుతున్నాం. జనం నడిచే దారిలో కేబుల్ మీద వేసే రబ్బరు ర్యాంపులు ఇంకో ఆరు కావాలి. ఒగ్గుకథ, ఆర్కెస్ట్రా, భజనలకు మూడు వేరువేరు సీన్లు (సెట్టింగుల గుంపులు) మిక్సర్‌లో సేవ్ చేశాం. కోలాటం సీన్ చిన్నోడే సొంతంగా కడుతున్నాడు. పాత మల్టీకోర్‌ను ఒక భజన మండలివాళ్లు అడిగారు. పిన్నులన్నీ మళ్లీ సోల్డర్ చేసి, ఒక్కో లైన్ పరీక్షించి వాళ్లకు ఇస్తాం. ఆదివారం అదే పని.